అప్‌డేట్: బ్యాంకాక్‌లో నా వీసా పొడిగింపు వచ్చింది

మావారి ఉద్యోగంపై ఆధారపడిన నా వీసా గడువు దగ్గరపడుతోందని, ఇంటి యజమానురాలు టీఎం 30 (ఇంట్లో విదేశీయులు ఉంటున్నారని ఇమిగ్రేషన్‌కు తెలిపే) నమోదు చేయలేదని, ఇప్పుడేం చేయాలని పోయిన నెల ఇక్కడ అడిగాను. పొడిగించారు. ధైర్యం చెప్పిన అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఆ నమోదు చేయవలసింది యజమానే. ఆమె పట్టించుకోకపోవడంతో అద్దె ఒప్పందం పట్టుకుని మేమే చేయించుకున్నాం.

పొద్దున్నే ఛేంగ్ వత్తనలోని ఇమిగ్రేషన్ ఆఫీసు చేరేసరికే పెద్ద వరుస. పొడిగింపు కోరే టీఎం 7 ఫారం, ఫొటో, 1,900 బాత్‌లు, థాయ్‌లోకి అనువదించి ధ్రువీకరించిన పెళ్లి పత్రం అన్నీ సిద్ధం. కౌంటర్‌లోని అమ్మాయి జిరాక్సులు ఒక్కొక్కటే తిప్పుతూ, సంతకం లేని ఒక పేజీ మీద వేలు ఆన్చి, కలం నా వైపు జరిపింది. నా గుండె ఆగినంత పనైంది. దయచేసి ప్రతి కాపీ మీదా సంతకం చేసుకుని వెళ్లండి.

ముఖ్యమైనది ఇంకొకటి. రీఎంట్రీ పర్మిట్ (తిరిగి వచ్చేందుకు ముందే తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే ఈ పొడిగింపు రద్దయిపోతుంది! తమ్ముడి పెళ్లికి విజయవాడ రావాలి కనుక ఆ రోజే 1,000 బాత్‌లు కట్టి ఒక్కసారి ప్రయాణానికి తీసుకున్నాను. 90 రోజులకోసారి ఇమిగ్రేషన్‌కు చిరునామా తెలపడం మాత్రం విడిగా చేయవలసిందే.