సమస్య: పాఱవైచిన వానికే పతక మబ్బె

నిర్వాహకుడు: ఆయుధం పారేసినవాడికి పతకమా అని ఉలిక్కిపడకండి. నౌకాయుద్ధం, 19వ శతాబ్దం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి. కానివ్వండి.

గట్టుమీది కవి:
ఒత్తి మండుచు నొక గుండు యోడపైన
పడిన తఱిలోన లూకసు భయము విడిచి
కేల బట్టెను, దక్కిన కెలని వారు
పాఱ, వైచిన వానికే పతక మబ్బె

(1854 జూన్ 21, బాల్టిక్ సముద్రం. బోమర్సుండ్ కోట నుంచి బ్రిటిష్ ఓడ హెక్లా మీద పడిన రష్యన్ గుండు. ఐరిష్ కుర్రాడు చార్లెస్ లూకస్‌కు అప్పటికి ఇరవయ్యేళ్లు.)

పాత ఘంటం: ‘పాఱ’ దగ్గర విరిచి పరుగు ఒకరికి, విసురు ఇంకొకరికి పంచారు. భేష్. కానీ ‘గుండు యోడ’ ఏమిటి స్వామీ? ఉత్తుకు (హ్రస్వ ఉకారానికి) అచ్చు పరమైతే సంధి నిత్యం. ‘ఒత్తి మండు గుండొకటి తా నోడపైన’ అంటే యతీ నిలిచేది, వ్యాకరణమూ బతికేది.

గట్టుమీది కవి: కాలి దగ్గర గుండు బుసకొడుతుంటే సంధి ఎవరు చేస్తారండీ? కావాలనే ఆగాను.

పాత ఘంటం: పైగా అక్కడ ఎవరూ పారిపోలేదు. ‘బోర్లా పడుకోండి’ అని కేక వేశారు. లూకస్ ఒక్కడే పడుకోలేదు. అందుకే:

వ్రాలుడీ నేల నను మాట వదలి, కేల
మండు గుండెత్తి నిమిషంబు మాత్రమైన
జాగు సేయక కడలిలో జంకు లేక
పాఱవైచిన వానికే పతక మబ్బె

చిటికెనవేలు: చరిత్ర సరే, చమత్కారమేదీ? సమస్యను విప్పమంటే చుట్టి ఇచ్చారు. వీరుడి పేరైనా లేదు. ‘జాగు సేయక’, ‘జంకు లేక’ రెండూ గణాలు నింపడానికి వచ్చిన కూలీలు. అయినా చరిత్ర గురించి తమరు చెప్పాలా? పోయిన దసరా పూరణలో బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్‌కు విక్టోరియా క్రాస్ (లూకస్‌కు వచ్చిన ఈ వీరపతకమే) కట్టబెట్టింది ఎవరు? ఆయన పోయింది 1805లో, ఆ పతకం పుట్టింది 1856లో!

పాత ఘంటం: మరణానంతరం అనుకోండి.

చిటికెనవేలు: పోయినవారికి ఆ శతాబ్దంలో అది ఇచ్చేవారే కాదు.

గట్టుమీది కవి: నెల్సన్ పద్యంలో యతి కూడా తప్పింది, గుర్తుందా?

నిర్వాహకుడు: నెల్సన్‌ను వదలండి. లూకస్‌కు విక్టోరియా రాణి స్వయంగా 1857 జూన్ 26న హైడ్ పార్కులో పతకం తగిలించింది. తరువాత దాన్ని ఆయన రైల్లో మరిచి పోగొట్టుకున్నాడు. పాఱవైచిన వాడంటే అసలు అదీ! ఎవరికీ తట్టలేదేం? తన ఓడ కెప్టెన్ హాల్ కూతురినే పెళ్లాడాడు కూడా. శృంగారమంటే ముందుండే గట్టు గారు దాన్నెలా వదిలేశారో! రేపటిలోగా ఇంకో పూరణ పెట్టండి, సంధి చేసి మరీ.