ఫార్మాట్ చేయకుండా మదర్‌బోర్డు మార్చొచ్చా?

డీటీపీ_గుంటూరు
అందరికీ నమస్కారం. మాది చిన్న డీటీపీ షాపు. సిస్టం 4వ జనరేషన్ ఐ3, హెచ్81 బోర్డు, విండోస్ 10. బోర్డు ఇక పోయేలా ఉంది, వెనక యూఎస్‌బీ పోర్టులు రెండు చచ్చిపోయాయి, మధ్యమధ్యలో దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. హెచ్610 బోర్డు, ఐ3 12100, డీడీఆర్4 ర్యామ్ తెచ్చి పెట్టుకున్నాను. కానీ పాత ఎస్‌ఎస్‌డీలో పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా, అనూ ఫాంట్లు, ప్రింటర్ల సెట్టింగులు అన్నీ ఏళ్ల తరబడి కుదురుకుని ఉన్నాయి, ఇప్పుడవన్నీ మళ్లీ ఎక్కించాలంటే నా వల్ల కాదు, పైగా శుభలేఖల సీజన్. అమ్మినతను ఫార్మాట్ చేయాల్సిందే అంటున్నాడు. ఎస్‌ఎస్‌డీ తీసి కొత్త బోర్డుకి తగిలిస్తే బూట్ అవదా?

స్క్రూడ్రైవర్
అవుతుంది బ్రో. ఎక్స్‌పీ, సెవెన్ రోజుల్లో అయితే కొత్త బోర్డు మీద డిస్క్ కంట్రోలర్ డ్రైవర్ దొరక్క నీలం తెర పడేది, ఆ భయమే జనంలో ఇంకా పోలేదు. 10 అయితే మొదటి బూట్‌లోనే కొత్త హార్డ్‌వేర్‌ని వెతుక్కుని డ్రైవర్లు వేసుకుంటుంది. కాసేపు పడుతుంది, రెండుసార్లు రీస్టార్ట్ అయినా కంగారుపడి పవర్ తీయకండి. ఒక్కటే జాగ్రత్త, కొత్త బోర్డు ల్యాన్ డ్రైవర్ (నెట్ కేబుల్ పనిచేయడానికి కావాల్సింది) ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. మర్చిపోతే ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, చాలా ఫోన్లకి నెట్ వచ్చేస్తుంది.

పాతకాపు
పైన చెప్పింది నిజమే కానీ మీ కేసులో నేరుగా తగిలిస్తే బూట్ అవకపోవచ్చు. 4వ జనరేషన్ రోజుల్లో చాలామంది విండోస్‌ని లెగసీ మోడ్‌లోనే (బోర్డు విండోస్‌ని లేపే పాత పద్ధతి) వేసేవాళ్లు. మీకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనట్టుంది, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో హెచ్610 మీద లెగసీ బూట్ కుదరదు, యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి ఒక్కటే. పాత బోర్డు బతికుండగానే రన్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 కొట్టి బయోస్ మోడ్ దగ్గర ఏముందో చూడండి. లెగసీ అని ఉంటే, డేటా మొత్తం బ్యాకప్ తీసుకున్నాకే, ఎంబీఆర్‌2జీపీటీ అనే కమాండ్‌తో డిస్క్‌ని పాత ఎంబీఆర్ పద్ధతి నుంచి యూఈఎఫ్ఐకి కావాల్సిన జీపీటీకి మార్చాలి, అది విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి ఉంది. ముందు వ్యాలిడేట్ (మార్చడం కుదురుతుందో లేదో చూసే పరీక్ష), అది పాసైతేనే కన్వర్ట్. తర్వాత పాత బోర్డు బయోస్‌లోనే యూఈఎఫ్ఐకి మార్చి బూట్ అవుతోందో లేదో చూసుకుని అప్పుడు విప్పండి. కొత్త బోర్డు మీద బూట్ కాకపోతే తప్పు ఎక్కడుందో వెతకడం నరకం.

రాత్రిబండి
బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సౌకర్యం) ఉంటే బోర్డు మార్చే ముందు సస్పెండ్ చేయండన్నా. ఆ తాళం కీ దాచే సెక్యూరిటీ చిప్ టీపీఎమ్ మారేసరికి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. నేను చేయలేదు, కీ ఏ మెయిల్ అకౌంట్‌లో ఉందో గుర్తొచ్చేసరికి తెల్లారింది.

క్లీన్‌ఇన్‌స్టాల్
ఇంత తిప్పలు దేనికండీ, విండోస్ 10 సపోర్టే 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఎలాగూ 11కి వెళ్లాలి కదా, ఫ్రెష్‌గా వేసుకుంటే పీడా పోతుంది.

పాతకాపు
11కి వెళ్లాలన్నా యూఈఎఫ్ఐ కావాలిగా, ఈ పని వృథా ఏం కాదు. 12100కి 11 సపోర్ట్ ఉంది, బోర్డు మారాక అప్‌గ్రేడ్ కొడితే ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉన్నచోటే ఉంటాయి.

డీటీపీ_గుంటూరు
పాతకాపు గారూ, లెగసీయే అని చూపించింది. వ్యాలిడేట్ ఫెయిల్ అయింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే సిస్టమ్ రిజర్వ్‌డ్ అనే పార్టిషన్ 1 టీబీ హార్డ్‌డిస్క్ మీద ఉంది, సీ డ్రైవ్ మాత్రం ఎస్‌ఎస్‌డీలో. బిట్‌లాకర్ లేదు.

పాతకాపు
అదన్నమాట సంగతి. విండోస్ వేసినప్పుడు రెండు డిస్కులూ తగిలించి ఉన్నారు, బూట్ ఫైళ్లు వెళ్లి హార్డ్‌డిస్క్‌లో కూర్చున్నాయి. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే మోసుకెళ్తే ఏ బోర్డు మీదా లేచేది కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ పార్టిషన్‌ని యాక్టివ్ చేయండి, బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లని సీలోకే రాయించండి, హార్డ్‌డిస్క్ కేబుల్ పీకి ఎస్‌ఎస్‌డీ మీదే లేస్తోందో చూడండి. లేస్తే మళ్లీ వ్యాలిడేట్ కొట్టండి.

డీటీపీ_గుంటూరు
అయిపోయిందండీ! ఈసారి వ్యాలిడేట్ పాసైంది, కన్వర్ట్ రెండు నిమిషాలు కూడా పట్టలేదు, నిన్న రాత్రి షాపు కట్టేశాక బోర్డు మార్చాను. మొదటిసారి చాలాసేపు తెర నల్లగా ఉండిపోతే చెమటలు పట్టాయి, కానీ లేచింది. పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకున్నాయి, ఫాంట్లు ఉన్నాయి. ల్యాన్ డ్రైవర్ నిజంగానే మర్చిపోయాను, టెథరింగే కాపాడింది. విండోస్ యాక్టివేషన్ పోయింది, నాది బిల్లుతో కొన్న రిటైల్ కీ, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ముందే లింక్ చేసి ఉంది కాబట్టి ట్రబుల్‌షూట్‌లోకి వెళ్లి హార్డ్‌వేర్ మార్చానని చెప్తే వచ్చేసింది. మెషీన్‌తో వచ్చిన ఓఈఎమ్ కీ అయితే పాత బోర్డుతోనే పోతుందట, చూసుకోండి. ఇంకో సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మాత్రం మళ్లీ అడుగుతోంది, వాళ్లకి సోమవారం ఫోన్ చేయాలి.

పాత హెచ్81 బోర్డు ఎవరికైనా స్పేర్లకి కావాలంటే చెప్పండి, ఉత్తినే ఇస్తాను. రెండు యూఎస్‌బీలు పనిచేయవు, ముందే చెప్తున్నా.