పాయింట్ రేయిస్ లైట్‌హౌస్: మెట్లు తెరిచి ఉంటాయా, ఉండవా? ఎవరైనా తిన్నగా చెప్పండి

సన్నీవేల్ శ్రీను
కాలిఫోర్నియా తీరంలో, పాయింట్ రేయిస్ పార్కు కొసన ఉన్న పాత దీపస్తంభం ఇది, కొండ మీంచి మెట్లు దిగి చూడాలట. పొద్దుట్నుంచీ దీని మీదే కూర్చున్నాను, ఒక్కటీ తేలట్లేదు. మ్యాప్‌లో చూస్తే "తెరిచి ఉంది" అంటోంది. ఇంకోచోట "మెట్లు మూసి ఉన్నాయి" అంటోంది. ఒకళ్లేమో అయిదు నిమిషాల నడకంటారు, ఇంకొకళ్లు ముప్ఫై అంతస్తులంటారు. ఫోన్లో వాతావరణం చూశాను. ఎండ, గాలి గంటకు 9 మైళ్లు. ఇంత బాగుంటే మూసెయ్యడమేంటి? వచ్చే వారం అమ్మానాన్నల్ని తీసుకెళ్లాలి. వెళ్లొచ్చా, లేదా?

గోదారి గట్టు
ఏ రోజు?

లెన్సు పిచ్చోడు
ముప్ఫై అంతస్తులన్నది అబద్ధం కాదండీ. 313 మెట్లు. ఎందుకన్ని మెట్లో తెలిస్తే విసుగు రాదు. ఆ కొండ నెత్తి దాదాపు 600 అడుగుల ఎత్తు. పొగమంచు సరిగ్గా ఆ ఎత్తునే పట్టుకుని కూర్చుంటుంది. దీపం పైన పెడితే ఓడవాళ్లకు మబ్బు తప్ప ఏమీ కనపడదు. అందుకని కొండ అంచుని తొలిచి 275 అడుగులు కిందికి దించి కట్టారు. స్తంభం ఎత్తు 37 అడుగులే, ఎత్తంతా కొండదే. 1870 డిసెంబరు 1న వెలిగించారు. లెన్సు అంతకు ముందే, 1867లో ఫ్రాన్సులో తయారైంది. దీపస్తంభాల్లో వాడే, గాజు ముక్కలు పేర్చి చేసిన ఫ్రెనెల్ లెన్సు ఇది. వాటిల్లో ఫస్ట్ ఆర్డర్ అంటే పెద్ద సైజు. చుట్టూ 24 పలకలు, రెండు నిమిషాలకొక చుట్టు. లెక్క వేసుకోండి, అయిదు సెకన్లకొక మెరుపు. తిప్పడానికి బరువు కట్టిన గడియారపు యంత్రం, 2 గంటల 20 నిమిషాలకోసారి చేత్తో కీ ఇచ్చేవాళ్లు. 1906 భూకంపంలో లెన్సు పట్టాలు తప్పితే, 13 నిమిషాల్లో మళ్లీ ఎక్కించి తిప్పారు! 1975 నుంచి ఓడలకు దారి చూపేది ఆటోమేటిక్ దీపం. పాతదాన్ని చూడ్డానికి అలాగే ఉంచారు. అంతదూరం వెళ్లి పైనుంచి ఫొటో తీసుకుని వచ్చేస్తే దండగ.

సన్నీవేల్ శ్రీను
సార్, లెన్సు సంగతి తర్వాత. రోజు అంటే బుధవారం. శని, ఆదివారాలు జనం ఎక్కువని సెలవు పెట్టాను.

గోదారి గట్టు
బుధవారం మెట్లు తియ్యరు. శుక్ర, శని, ఆది, సోమ. అంతే.

సన్నీవేల్ శ్రీను
మరి మ్యాప్‌లో ఆ "తెరిచి ఉంది" ఏంటి?

పెటలూమా పద్మ
మ్యాప్ చెప్పేది పార్కు గురించండీ. పార్కు రోజూ పొద్దున 6 నుంచి అర్ధరాత్రి దాకా ఉంటుంది, టికెట్టు లేదు. లైట్‌హౌస్ దగ్గర దేనికది వేరు. పార్కింగ్ నుంచి 0.4 మైలు తారు రోడ్డు, కొంచెం ఎక్కుడు. దాని చివర పైనుంచి చూసే డెక్ ఉంది. ఈ రెంటికీ వారంతో పని లేదు, బుధవారమైనా వెళ్లొచ్చు. డెక్ పక్కనున్న విజిటర్ సెంటర్, అక్కణ్నించి కిందికి దిగే మెట్లు మాత్రం శుక్రవారం నుంచి సోమవారం వరకే, పగటిపూటే. లెన్సు గది ఇంకా తక్కువ సేపు. సాధారణంగా మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు, అదీ సిబ్బంది ఉంటే. కాబట్టి లెన్సు చూడాలంటే పొద్దున్నే వెళ్లి లాభం లేదు.

రోడ్డు లెక్క కూడా వేసుకోండి. పార్కు మొదట్లో ఉండే బేర్ వ్యాలీ విజిటర్ సెంటర్ దాటాక ఇంకా 45 నిముషాలు మెలికల రోడ్డు. సన్నీవేల్ నుంచి మొత్తం రెండున్నర గంటలకు తక్కువ పట్టదు. కారుకి పెట్రోలు పాయింట్ రేయిస్ స్టేషన్ ఊళ్లోనే కొట్టించుకోవాలి, ముందుకెళ్తే బంకు లేదు. లైట్‌హౌస్ దగ్గర తినడానికీ ఏమీ దొరకదు. సిగ్నలు పోతుంది, అడ్రసు, టైములు ముందే ఫోన్లో దాచుకోండి.

కాకినాడ రేవు
అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. గాలి గంటకు 40 మైళ్లు దాటితే ఏ రోజైనా మెట్ల గేటు వేసేస్తారు. ఆ 9 మైళ్లు ఎక్కడివో చూసుకోండి. ఫోన్లో పాయింట్ రేయిస్ అని కొడితే వచ్చేది పాయింట్ రేయిస్ స్టేషన్ ఊరు. అది కొండల చాటున లోపలికి ఉంది, లైట్‌హౌస్‌కి ఇరవై మైళ్ల దూరం. ఊళ్లో ఎండ కాస్తుంటే లైట్‌హౌస్ ఉన్న కొన మీద పొగమంచూ హోరుగాలీ ఉండడం మామూలే. నేషనల్ వెదర్ సర్వీస్ మ్యాప్‌లో సరిగ్గా కొన మీద నొక్కి చూడండి. ఇంకా నమ్మకం కావాలంటే వాళ్లదే సముద్రం వాతావరణం రిపోర్టు చదవండి, అందులో తీరాన్ని భాగాలుగా చేసి చెప్తారు. పాయింట్ అరీనా నుంచి పాయింట్ రేయిస్ ఒక భాగం, అక్కణ్నించి పిజియన్ పాయింట్ ఇంకోటి. లైట్‌హౌస్ రెంటి సరిహద్దులో ఉంది కాబట్టి రెండూ చూడాలి. గాలి 25 దాటి రాస్తే ఆ రోజు మానుకోవడమే మంచిది.

ఫ్రీమాంట్ బావ
25 మైళ్లకే మానుకోవడమేంటండీ, 40 దాకా తెరుస్తారని మీరే అన్నారు.

కాకినాడ రేవు
సముద్రం రిపోర్టులో అంకెలు నాట్లలో, అంటే గంటకు ఇన్ని సముద్రపు మైళ్లని ఉంటాయి, మామూలు మైళ్లలో కాదు. 35 నాట్లంటే 40 మైళ్లు. 25 నాట్లంటే 29 మైళ్లు, అది సగటు. మధ్యమధ్య విసురు ఇంకా పైకి పోతుంది. ఆ కొన గాలికి అడ్డంగా సముద్రంలోకి పొడుచుకొచ్చింది, అక్కడ ఇంకాస్త పెరుగుతుంది.

ఫ్రీమాంట్ బావ
విసురు లెక్కలోకి రాదనుకుంటా, సగటే చూస్తారు.

కాకినాడ రేవు
మెట్ల మీద మనిషిని తోసేది విసురే. గేటు వెయ్యాలా వద్దా అన్నది ఆ రోజు అక్కడున్న రేంజరు ఇష్టం.

లెన్సు పిచ్చోడు
నెల కూడా చూసుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాయవ్యం గాలి జోరు. జులై, ఆగస్టుల్లో పొగమంచు, డెక్ మీద నిలబడితే కింద స్తంభమే కనపడకపోవచ్చు. సెప్టెంబరు, అక్టోబరు హాయి. తిమింగలాలు కావాలంటే జనవరి, లేదా మార్చి.

సన్నీవేల్ శ్రీను
అయితే ఆదివారానికి మారుస్తాను. నాన్న మెట్లు దిగగలరా? మోకాలు ఆపరేషన్ అయిందని ముందే చెప్పాను కదా.

గోదారి గట్టు
చెప్పలేదు.

పెటలూమా పద్మ
మోకాలు ఆపరేషన్ అయితే వద్దండీ. దిగడం తేలికనిపిస్తుంది గానీ దిగేటప్పుడే మోకాలి మీద భారం పడుతుంది. ఆ తర్వాత తప్పనిసరిగా 313 ఎక్కాలి. లిఫ్టు లేదు, బండి రాదు. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునే చోట్లున్నాయి గానీ సగం దిగి మనసు మార్చుకున్నా దిగినన్నీ ఎక్కాల్సిందే. నాన్నగారిని డెక్ దగ్గర ఉంచండి, స్తంభం ఎర్రటి నెత్తి అక్కణ్నించి బాగా కనిపిస్తుంది. ఆయనకి కారుకి తగిలించే వికలాంగుల పార్కింగ్ కార్డు ఉంటే విజిటర్ సెంటర్‌కి ముందే ఫోన్ చెయ్యండి, కారు పై దాకా రానిస్తారేమో అడగండి. ఆ 0.4 మైలు కలిసొస్తుంది. టాయిలెట్ పార్కింగ్ దగ్గరే కానిచ్చుకోండి.

అమ్మగారు చీర కడితే కొంగు, కుచ్చిళ్లు రెండూ పిన్నులు పెట్టాలి, పైన జిప్ ఉన్న చలి కోటు. శాలువా పనికిరాదు, గాలికి ఎగిరి మొహం మీద పడితే మెట్టు కనపడదు. మంకీ క్యాప్ ఉంటే నామోషీ పడకుండా పెట్టించండి. చెప్పులు కాదు, బూట్లు. పొగమంచుకి మెట్లు తడిసి ఉంటాయి.

ఫ్రీమాంట్ బావ
ఇదంతా ఎందుకు, పిజియన్ పాయింట్ లైట్‌హౌస్‌కి తీసుకెళ్లండి. మీకు దగ్గర, నేల చదును.

లెన్సు పిచ్చోడు
అక్కడ స్తంభం పైకి 2001 నుంచీ ఎక్కనివ్వరు. అయితే లెన్సుని 2011లో కిందికి దించారు, అదీ ఫస్ట్ ఆర్డరే, 1,008 ప్రిజములు. మరమ్మతులు నడుస్తూ ఉండొచ్చు, వెళ్లే ముందు కనుక్కోండి. ఇక ఫస్ట్ ఆర్డర్ అంటే...

సన్నీవేల్ శ్రీను
సరే అందరికీ థాంక్స్. ఆదివారం, గాలి చూసుకుని.

ఎల్డొరాడో లక్ష్మి
డ్రోన్ ఎగరెయ్యొచ్చా అక్కడ?

గోదారి గట్టు
నేషనల్ పార్కుల్లో ఎక్కడా కుదరదు.

ఎల్డొరాడో లక్ష్మి
కుక్కపిల్లని తీసుకెళ్తే మరి?