అప్‌డేట్: సెస్నా 172లో వీఎన్‌వీతో దిగడం

మాది దేవరకొండ, పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాను. జీ1000 (స్క్రీన్లతో ఉండే కాక్‌పిట్ సిస్టమ్) ఉన్న సెస్నా 172 అనే చిన్న విమానంలో, అనుకున్న వాలు ప్రకారం ఎత్తు తగ్గించే వీఎన్‌వీ అనే ఆటోపైలట్ మోడ్ పెట్టి కిందికి దిగుతుంటే స్పీడ్ ఎందుకు పెరిగిపోతోందని అడిగాను కదా. జవాబు చెప్పిన అన్నలందరికీ చాలా థాంక్స్, టెన్షన్ తీరింది.

దిగడానికి ఆటోపైలట్ విమానం ముక్కును మాత్రమే వంచుతుంది. ఇంజిన్ పవర్‌ను తనే మార్చే ఆటోథ్రాటిల్ లేదు కాబట్టి పవర్ మన చేతిలోనే ఉంటుంది, తగ్గించకపోతే స్పీడ్ పెరుగుతుంది. ఈసారి సార్ పక్కనుండగా 'వర్టికల్ ట్రాక్' అని వినపడింది, అంటే ఇంకో నిమిషంలో దిగడం మొదలు. సెలెక్టెడ్ ఆల్టిట్యూడ్ (ఆటోపైలట్‌కి మనం పెట్టే ఎత్తు) కిందికి తిప్పి ఉందో లేదో మళ్లీ చూశాను. అది పైనే ఉంటే విమానం దిగనే దిగదు. సాగర్ నీళ్లు కనిపిస్తుండగా స్క్రీన్ మీద తెల్లగా ఉన్న వీపీటీహెచ్ అక్షరాలు పచ్చగా మారాయి, అంటే వీఎన్‌వీ దింపడం మొదలుపెట్టింది. వెంటనే పవర్ కొంచెం తగ్గించాను, స్పీడ్ కదలలేదు. ఎంత బాగా అనిపించిందో!

గ్రౌండ్ స్పీడ్ (నేలతో పోల్చిన వేగం) 110 నాట్లుంటే 3 డిగ్రీల వాలుకు నిమిషానికి సుమారు 580 అడుగులు దిగాలి. ఎదురుగాలి పెరిగితే గ్రౌండ్ స్పీడ్ తగ్గుతుంది కాబట్టి వీఎన్‌వీ ఆ రేటును తనే తగ్గిస్తుంది. నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో మనమే పెట్టే వీఎస్ మోడ్‌లో అయితే మనమే మార్చుకోవాలి. అందుకే నాకు వీఎన్‌వీయే నచ్చింది. ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) మధ్యలో వెంటనే దిగమంటే మాత్రం వీఎస్సే సులువు.