కాఠ్మాండూకు ఒక్క పూట చాలునా?

మండపేట నుంచి:
వచ్చే కార్తికంలో మా ఊరివాళ్లం నలభై మందిమి బస్సులో నేపాల్ యాత్రకు వెళ్తున్నాం. కాఠ్మాండూకు ఒక్క పూటే కేటాయించారు. ఉదయం పశుపతినాథుని దర్శనం, మధ్యాహ్నం పోఖరా మీదుగా ముక్తినాథ్‌కు ప్రయాణం. రద్దీ, దుమ్ము తప్ప ఆ నగరంలో చూడవలసినదేమీ లేదని నిర్వాహకులు అంటున్నారు. వెళ్లివచ్చిన పెద్దలు తమ అభిప్రాయం తెలియజేయగలరు.

కోటిపల్లి నుంచి:
చాలదండి. మొదటిసారి నేనూ అలాగే తెల్లవారుజామున ఆలయంలోకి వెళ్లి, నాలుగు వెండి ద్వారాలలో ఒకదాని ఎదుట క్షణకాలం నిలిచి, పడమటి వాకిట ఉన్న పెద్ద నందికి మొక్కి బస్సెక్కాను. దర్శనం అయింది గాని, ఆ స్వామిని కొలిచే ఊరు ఎలాంటిదో తెలియలేదు. రెండవసారి నాలుగు రోజులుండి, అసన్ బజారు నుంచి ఇంద్రచోక్ కూడలి మీదుగా పాత రాజప్రాసాదమైన హనుమాన్ ఢోకా వరకు నడిచాను. అసన్‌లో ధాన్యం, మసాలా దినుసులు, ఇత్తడి సామాను అమ్మే దుకాణాల నడుమనే అన్నపూర్ణ గుడి ఉంది. బియ్యం బేరమాడుతున్న ఒకావిడ మాట మధ్యలో ఆపి, ఆ గడపను తాకి కళ్లకద్దుకొని, తిరిగి బేరం అందుకున్నారు.

హనుమాన్ ఢోకా దగ్గరే కాష్ఠమండపం ఉంది. నగరానికి పేరిచ్చిన ఆ కొయ్య కట్టడం బాటసారులు తలదాచుకొనేందుకు కట్టిన సత్రం. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో అది నేలమట్టమై, లోపలున్నవారిలో పలువురు మరణించారు.  ఆ ఊరివాళ్లు ఆ తర్వాత కొన్నేళ్లు శ్రమించి, పాత పద్ధతిలో కొయ్యతోనే దానిని మళ్లీ నిలబెట్టుకున్నారు. డొక్కా సీతమ్మ గారిని తలచుకొని అన్నం పెట్టే కోనసీమవాళ్లం, సత్రం పేరు పెట్టుకున్న రాజధానిని బస్సు కిటికీలోంచి చూసి వచ్చేయడం నాకు బాధగా ఉంది.

పాలకొల్లు నుంచి:
కోటిపల్లి వారి మాట కాదనను గాని, మా అమ్మగారికి డెబ్బై రెండేళ్లు. గోరఖ్‌పూర్ దాటి, సునౌలీ సరిహద్దు నుంచి కొండదారిన చేరేసరికే ఆవిడ కాళ్లు వాచిపోయాయి. రాళ్లు పరచిన సందుల్లో మోటారు సైకిళ్లు మీదకు వస్తుంటే పది అడుగులు వేయలేకపోయారు. ఆవిడ వచ్చింది దేవుని దర్శనం కోసం. ముక్తినాథ్ దాదాపు 3,700 మీటర్ల ఎత్తున ఉంది. ఉన్న సత్తువ అక్కడికి దాచుకోవాలి కదా!

కోటిపల్లి నుంచి:
అమ్మగారి విషయంలో మీరు చెప్పింది న్యాయం. నడవలేనివారిని ఆ సందుల్లోకి తీసుకెళ్లమని నేననను. అయితే ముందురోజు మధ్యాహ్నానికి చేరి ఒక్క రాత్రి బస చేస్తే, పెద్దవారు గదిలో విశ్రమిస్తారు, ఓపిక ఉన్నవారు అసన్ చూసి వస్తారు. సాయంత్రం అందరూ పశుపతి ఆలయం పక్కనే పారే బాగ్మతి నది తూర్పు ఒడ్డున మెట్ల మీద కూర్చొని హారతి చూడవచ్చు. ఎదుట ఆర్యఘాట్‌లో చితులు కాలుతుంటాయి. దయచేసి ఫోన్లు పైకెత్తకండి, అక్కడ ఉన్నది ఎవరి తండ్రో, ఎవరి తల్లో. పశుపతి కంటే ముందు గుహ్యేశ్వరి అమ్మవారిని దర్శించడం అక్కడి సంప్రదాయం. ఆ గుడి సుమారు కిలోమీటరు దూరమే, కారులో పెద్దవారిని తీసుకెళ్లవచ్చు. ఒక్క పూట యాత్రలో ముందుగా వదిలేసేది ఆ అమ్మవారినే. మండపేట వారు నిర్వాహకులను ఆ ఒక్క రాత్రి అడగండి.