పాండురంగపురంలో కాపురం: బీచ్ రోడ్డు పక్కన ఉండటం సుఖమా, శిక్షా?

కొత్తగూడు
అందరికీ నమస్కారం. జూన్‌లోపు ఇల్లు మారాలి. విశాఖలో రెండు ఇళ్ళు చూశాం, అద్దె దాదాపు ఒకటే. ఒకటి పాండురంగపురంలో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, రెండు పడకగదులు. బాల్కనీలో ఓ మూల నిలబడితే రెండు బిల్డింగుల సందులోంచి సముద్రం చారెడు కనిపిస్తుంది. రెండోది మధురవాడలో గేటెడ్ కమ్యూనిటీ, మూడు పడకగదులు, లిఫ్ట్, జనరేటర్, అన్నీ ఉన్నాయి. నా ఆఫీసు రుషికొండ ఐటీ కొండ మీద. అమ్మ మాతోనే ఉంటుంది, మోకాళ్ళ నొప్పులు. మా ఆయన మాత్రం పాండురంగపురమే అంటున్నారు: దిగితే సబ్‌మెరైన్ మ్యూజియం, దానికి ఎదురుగా విమాన మ్యూజియం, అదే రోడ్డు మీద విశాఖ మ్యూజియం, రాత్రి పదకొండుకి కూడా జనం, తిండి, గాలి అని. నాకేమో భయంగా ఉంది. అక్కడ నిజంగా ఉన్నవాళ్ళు చెప్పండి.

పాతకాపు
1988 నుంచి ఇక్కడే ఉంటున్నాను కాబట్టి చెబుతున్నాను, వినండి. వద్దు.

ముందు ఉప్పుగాలి. కిటికీ గ్రిల్ రంగు వేయించిన రెండో ఏడాదికే చిట్లి పొరలు పొరలుగా లేస్తుంది. ఏసీ బయటి యూనిట్ మూడేళ్ళు వస్తే అదృష్టం. బాత్రూం స్లాబ్ పెచ్చులూడి లోపలి ఇనుప చువ్వ బయటపడింది, రిపేరుకి ఎవరిని పిలిచినా "సముద్రం దగ్గర ఇంతేనండి" అని చెప్పి డబ్బులు తీసుకుని పోతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా హాలు కిటికీ చట్రంతో సహా ఊడి సోఫా మీద పడింది. ఆ రాత్రి మేం నలుగురం వంటింట్లో కూర్చున్నాం.

సరే, అది ప్రకృతి. మనుషుల సంగతి చూడండి. ఆదివారం సాయంత్రం నాలుగు దాటితే మా వీధి మాది కాదు. గేటు ముందు "నో పార్కింగ్" బోర్డు ఉంటే దాన్నే ఆనుకుని బండి పెడతారు. రెండేళ్ళ క్రితం మా ఆవిడకి ఛాతీలో నొప్పి వచ్చింది. కేజీహెచ్ ఆసుపత్రి ఇక్కడికి దగ్గరే, పది నిమిషాల్లో ఉండాలి. గేటుకి అడ్డంగా ఎవరిదో కారు. ఇరవై నిమిషాలు హారన్ కొట్టి, బీచ్‌కి పరిగెత్తి, అడిగిన వాళ్ళనే మళ్ళీ అడిగి పట్టుకుంటే ఆ మహానుభావుడు టమాటా బజ్జీ తింటూ "వస్తున్నాలెండి" అన్నాడు. దేవుడి దయవల్ల గ్యాస్ నొప్పి అని తేలింది.

డిసెంబరు 4 నేవీ డే అంటే మీకు ఒక్కరోజు పండగ. మాకు అంతకు ముందు నుంచీ ఇంటి మీద విమానాల రిహార్సల్స్. 2016లో నేవీ ఓడల ఫ్లీట్ రివ్యూ, మొన్న 2025 జూన్ 21న యోగా డే, రాష్ట్రం మొత్తం మా వీధి చివరికే రావాలి.

డల్లాస్‌దొర
మా ఇల్లు అక్కడే ఉండేది. అమ్మేశాం. ఇప్పటికీ కల్లోకి వస్తుంది.

మురీమిక్చర్
మేస్టారూ, సముద్రం పక్కన ఇల్లు కొనుక్కుని గాలిలో ఉప్పు ఉందంటారేటండీ. ఊరంతా డబ్బు పెట్టి వచ్చి చూసి వెళ్ళేదాన్ని మీరు లుంగీ కట్టుకుని చూస్తున్నారు, ఆ లెక్క ఎవరు కడతారు?

కొత్తగూడు గారూ, మీ ఆయన చెప్పిందే కరెక్ట్. నేను హోటల్ కిచెన్‌లో పని చేస్తాను, రాత్రి పన్నెండు దాటాక డ్యూటీ దిగుతాను. ఈ ఊళ్ళో ఆ టైముకి మనిషి మొహం కనిపించేది బీచ్ రోడ్డు మీదే. గట్టు మీద పది నిమిషాలు కూర్చుంటే ఒంట్లో పొయ్యి వేడి దిగిపోతుంది. నా వీక్లీ ఆఫ్ సోమవారం. సాయంత్రం సబ్‌మెరైన్‌లోకి వెళ్ళొచ్చు, బయటికొచ్చి ఓ పొట్లం మురీ మిక్చర్, ఇంకేం కావాలి జీవితానికి.

పాతకాపు
సోమవారం కుర్సురాకి, అదే ఆ సబ్‌మెరైన్ మ్యూజియంకి, సెలవు.

మురీమిక్చర్
ఏదో ఒక రోజు. పాయింట్ అది కాదు.

పాతకాపు
పాయింట్ అదే. మ్యూజియం పక్కన ఉండటం గొప్ప అంటున్న మనిషికి అది ఏ రోజు మూస్తారో తెలీదు. నిజంగా ఎన్నిసార్లు వెళ్ళారు మీరు?

గేటెడ్_గిరి
😂 సోమవారం దెబ్బ.

మురీమిక్చర్
మూడుసార్లు. మీరు?

పాతకాపు
బంధువులు వచ్చినప్పుడల్లా. 2002లో అది తెరిచిన కొత్తలో మా అబ్బాయి స్కూలు పిల్లల్ని నేనే తీసుకెళ్ళాను. తొంభై మీటర్ల పైచిలుకు పొడవు, 1969లో నేవీలో చేరింది, 31 ఏళ్ళు పని చేసింది, సోవియట్ తయారీ. ఇప్పటికీ నోటికి వచ్చు. లోపల తిప్పి చూపించేది రిటైరైన నేవీ వాళ్ళే. ఆ గుండ్రటి తలుపుల్లోంచి కాలు ముందు పెట్టి తల వంచి దూరాలి, మా బావమరిది బొజ్జతో ఒకదాంట్లో ఇరుక్కున్నాడు కూడా.

అలల_అంచున
పాతకాపు గారూ, చిరాకు అంటూనే బాగా ముచ్చటగా చెప్పారు 🙂

పాతకాపు
ముచ్చట వేరు, కాపురం వేరు. రాత్రి శబ్దం గురించి ఎవరూ మాట్లాడరేం? 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. నా ఫోన్‌లో యాప్ పెట్టి చూశాను, శనివారం రాత్రి పదకొండున్నరకి 68. సైలెన్సర్ మార్పించిన బుల్లెట్ ఒకటి వెళ్తే 80 దాటింది.

మురీమిక్చర్
బుల్లెట్లు లేనప్పుడు ఎంత వచ్చింది? అది చెప్పండి. సముద్రం హోరుకే 45 దాటుతుంది. కెరటాల మీద కేసు పెడతారా?

పాతకాపు
కెరటం సైలెన్సర్ మార్పించుకోదు.

గేటెడ్_గిరి
ఫోన్ యాప్ రీడింగులు పనికిరావండి, ఒక్కో ఫోన్‌కి ఒక్కోలా చూపిస్తుంది.

పాతకాపు
నా చెవులు కూడా పనికిరావా?

హైదరాబాదీ_వలస
పదిన్నరకి షట్టర్లు దించే ఊళ్ళో నైట్ లైఫ్ గురించి కొట్టుకుంటున్నారు, చూడముచ్చటగా ఉంది.

గేటెడ్_గిరి
మధురవాడ మనిషిగా నా మాట. నేను ఎంవీపీ కాలనీ నుంచి ఇటు వచ్చి ఆరేళ్ళు. లిఫ్ట్, పార్కింగ్, నీళ్ళు, నిద్ర, దేనికీ లోటు లేదు. కొత్తగూడు గారి ఆఫీసుకీ ఇదే దగ్గర. కాకపోతే పాల ప్యాకెట్ కావాలన్నా బండి తీయాలి. మా నాన్నగారు మొదటి ఏడాది రోజూ సాయంత్రం చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్ళి, హైవే చూసి వెనక్కి వచ్చేవారు. ఎక్కడికి నడవాలో తెలిసేది కాదు. ఇప్పుడు కాంపౌండ్‌లోనే ఎనిమిది రౌండ్లు తిరుగుతున్నారు, అలవాటైపోయింది.

అలల_అంచున
నేను నర్సుని. పెదవాల్తేరులో ఉంటాను, అంతకు ముందు రెండేళ్ళు మధురవాడ అవతల ఉన్నాను. రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే అక్కడ తొమ్మిదిన్నరకే మా లేఅవుట్ రోడ్డు ఖాళీ. నాలుగు కుక్కలు, ఆరని ఒక్క స్ట్రీట్ లైటు, రోడ్డుకి అటూ ఇటూ ఖాళీ ప్లాట్లు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటిస్తూ నడిచేదాన్ని. ఇక్కడ పదకొండైనా ఆ నటన అక్కర్లేదు. ఐస్‌క్రీం బండి అబ్బాయి, మొక్కజొన్న పొత్తులు కాల్చే అమ్మ, పిల్లల్ని భుజాన వేసుకుని తిరిగేవాళ్ళు, వీళ్ళందరూ ఉంటారు కాబట్టి. పాతకాపు గారికి గోల అనిపించే ఆ జనమే నాకు కాపలా. ఇందులో ఎవరిది తప్పు అనను, కానీ నిశ్శబ్దం అంటే అందరికీ ప్రశాంతత కాదండీ.

కొత్తగూడు
అలల గారూ, ఇది నేను అనుకోని కోణం. థాంక్స్. అమ్మ మెట్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు…

పాతకాపు
అమ్మా అలల, నువ్వు చెప్పింది నర్సు ఉద్యోగం, గౌరవం. నేను చెబుతున్నది వేరే రకం గురించి. రాత్రి ఒంటి గంటకి రోడ్డు మీద పనేంటి అసలు? సంసారులు ఉండే చోట ఆ టైముకి తిరిగే కుర్రాళ్ళు ఎలాంటివాళ్ళో మాకు తెలీదా? తాగిన సీసాలు పొద్దున మా గేటు దగ్గర ఏరుకునేది మేము.

మురీమిక్చర్
ఒంటి గంటకి రోడ్డు మీద నాకు పని ఉంది మేస్టారూ. మీరు పెళ్ళి రోజుకి హోటల్‌కి వెళ్ళి పదిన్నరకి తిన్న బిర్యానీ గిన్నెలు కడిగి, పొయ్యిలు తుడిచి, తాళం వేసి వచ్చేసరికి ఆ టైమే అవుతుంది.

అసలు సంగతి ఇప్పుడు బయటికొచ్చింది కాబట్టి నేనూ చెబుతాను. కిందటేడు మీ పాండురంగపురంలోనే ఒక ఫ్లాట్‌కి వెళ్ళాను. ఓనరుకి ఇష్టమే, అడ్వాన్స్ చేతిలో పట్టుకుని ఉన్నాను. అసోసియేషన్ సెక్రటరీ కిందికి దిగి వచ్చి, పై నుంచి కింది దాకా చూసి, "పెళ్ళి కాలేదా? హోటల్లోనా? రాత్రి ఎన్నింటికి వస్తావు?" అని అడిగి, "మా దాంట్లో ఫ్యామిలీలే" అన్నాడు. ఆ "టు లెట్" బోర్డు ఎనిమిది నెలలు అక్కడే వేలాడింది, నేను రోజూ దాని కింద నుంచే నడిచి వెళ్ళాను. ఇల్లు ఇవ్వరు, రోడ్డు మీద కూర్చుంటే మీ నిద్ర పాడవుతుందంటారు. మరి ఎక్కడ ఉండాలి మేము? గోల గురించి కాదు మీ బాధ. ఎవరు చేస్తున్నారన్నది మీ బాధ. నేవీ విమానం ఇంటి మీద నుంచి పోతే బాల్కనీలోకి వచ్చి చూస్తారు కదా?

గేటెడ్_గిరి
అబ్బో.

డల్లాస్‌దొర
ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు ఎవరో అనాల్సిందే.

పాతకాపు
నువ్వు వచ్చింది మా బిల్డింగ్ కాకపోవచ్చు బాబూ. కానీ మా దాంట్లోనూ అదే రూలు, దాన్ని పెట్టించింది నేనే. దాచను. 2009లో ఇద్దరు కుర్రాళ్ళకి ఇస్తే ఏం జరిగిందో ఇక్కడ రాయలేను, పై అంతస్తు ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

విమానం మాట… అవును, చూస్తాను. బైనాక్యులర్స్ కూడా ఉన్నాయి.

అలల_అంచున
2009లో ఎవరో ఇద్దరు చేసినదానికి ఇన్నేళ్ళు అందరికీ తలుపు మూసేస్తే ఎలా బాబాయ్ గారూ? పైగా మ్యూజియాలు, బీచ్, నేవీ డే అన్నీ ఊరందరి పన్నులతో వచ్చినవే. విశాఖ మ్యూజియంలో 1942 ఏప్రిల్‌లో జపాన్ వాళ్ళు మన ఊరి మీద వేసిన బాంబు పెట్టారు, పేలలేదు. పాండురంగపురం మీద వేశారని పెట్టలేదు కదా.

పాతకాపు
తల్లీ, ఊరందరిదీ అనడం తేలిక. ఊరందరూ వచ్చి వెళ్ళాక ఉండేది మేము. మా బిల్డింగులో పన్నెండు ఫ్లాట్లు. ఐదింటికి తాళాలు. పిల్లలు బెంగళూరు, మెల్‌బోర్న్. మా వాడు బెంగళూరు. ఏడింట్లో నాలుగింట మాలాంటి ఇద్దరేసి ముసలివాళ్ళం. రాత్రి తొమ్మిదికి కింద నుంచి చూస్తే వెలిగే కిటికీలు లెక్కపెట్టొచ్చు. రోడ్డు మీద వేల మంది, మెట్ల మీద ఒక్కరు ఎదురుపడరు. మా ఆవిడకి నొప్పి వచ్చిన రోజు కారు అడ్డు తీయించడానికి బీచ్‌కి పరిగెత్తింది నేనే, అరవై ఎనిమిదేళ్ళ వయసులో. పక్క ఫ్లాట్ తలుపు కొడదామంటే తాళం.

మురీమిక్చర్
ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్న ఆ ఫ్లాట్‌లో నేనుంటే నేను పరిగెత్తేవాణ్ణి మేస్టారూ. అంతే చెబుతాను.

హైదరాబాదీ_వలస
ఇందాక జోక్ వేసినందుకు సారీ.

కొత్తగూడు
ఒక్క నిమిషం. పాతకాపు గారూ, మేం చూసిన ఫ్లాట్ కూడా మూడో అంతస్తు, పన్నెండు ఫ్లాట్ల బిల్డింగే, కింద బోరు పక్కన బాదం చెట్టు ఉంది. మీదేనా?

పాతకాపు
బాదం చెట్టు ఉంటే మాదే. 3బి. ఓనరు అమెరికాలో ఉంటారు, తాళంచెవి నా దగ్గరే.

మెట్ల సంగతి అడిగారు. మొత్తం యాభై నాలుగు. రెండో అంతస్తు మలుపులో ఓ పాత కుర్చీ వేశాను, మా ఆవిడ కూర్చుని ఊపిరి తీసుకోవడానికి. మీ అమ్మగారు రోజుకి ఒక్కసారి దిగి ఎక్కగలిగితే పర్లేదు, రెండోసారి కష్టం. దిగితే మాత్రం కాలక్షేపానికి లోటుండదు, తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్ళు తిరగనివ్వరు, ఆ టైములో పెద్దవాళ్ళంతా అక్కడే ఉంటారు. పగలు చూసి నిర్ణయించకండి. శనివారం రాత్రి పదకొండుకి రండి, తలుపు తీస్తాను, బాల్కనీలో అరగంట కూర్చోండి. నీళ్ళ మోటారు శబ్దం కూడా అప్పుడే తెలుస్తుంది. బండి గేటు ముందు పెట్టకండి.

గేటెడ్_గిరి
అద్దెలో రెండు వేలు తగ్గించమనండి, లిఫ్ట్ లేదుగా.

మురీమిక్చర్
శనివారం డ్యూటీ నాకు. ఒంటి గంటకి ఆ బాదం చెట్టు కింద నుంచే వెళ్తాను. సైలెన్సర్ ఒరిజినలే మేస్టారూ, సైకిల్.