‘స్నాబ్’ అనే తిట్టుకు తెలుగులో సరిపోయే మాట కావాలి

గుంటూరులో మా బృందం ఒక ఇంగ్లిష్ నాటికను తెలుగు చేసి ఆడబోతోంది. ఈ ఆదివారం ప్రదర్శన. అంతా కుదిరింది, ఒక్క డైలాగ్ దగ్గరే ఆగిపోయాం. చెల్లెలు అన్నను ‘స్నాబ్’ అంటుంది. అంతకు ముందే, పెద్ద ఆఫీసరు వస్తే అతను తనే కాఫీ కప్పు పట్టుకుని వంగి వంగి అందించాడు. పెదకాకాని నుంచి సొంత మేనమామ వస్తే మాత్రం వరండా దాటి లోపలికి రమ్మనలేదు. ఆ రెండూ కలిపి తిట్టాలి.

మూలం వెతికాను. 18వ శతాబ్దం చివర్లో ఈ మాటకు చెప్పులు కుట్టేవాడు అని అర్థం. తర్వాత కేంబ్రిడ్జి విద్యార్థులు యూనివర్సిటీకి చెందని ఊరివాళ్లను అలా పిలిచారు. 1848లో పుస్తకంగా వచ్చిన ఇంగ్లిష్ రచయిత థాకరే వ్యాసాలతో, గొప్పవాళ్లను చూసి అనుకరించేవాడన్న అర్థం బాగా వ్యాపించింది. కిందివాళ్లను చులకన చేసేవాడన్నది ఆ తర్వాత చేరింది. (లాటిన్‌లో ‘ఉన్నత వంశం లేనివాడు’ అనే మాట నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు గానీ దానికి ఆధారం లేదు.)

నిఘంటువుల్లో దొరికిన ‘డాంబికుడు’ రిహార్సల్‌లో పుస్తకం చదివినట్టుంది. ‘పొగరుబోతు’ అంటే ఆఫీసరు ముందు వంగడం పోతుంది. ‘కాకారాయుడు’ అంటే మేనమామకు జరిగిన అవమానం పోతుంది. ‘బడాయికోరు’ కూడా చూశాం, అది ఒట్టి గొప్పలకే. ‘స్నాబ్’ అనే ఉంచేద్దామంటే వెనక వరసలో పెద్దవాళ్లకు అందదు, నాకు వాళ్లే ముఖ్యం.

పైవాడి ముందు ఒదిగి, కిందివాణ్ణి ఈసడించే మనిషిని మీ ఊళ్లో, మీ ఇంట్లో ఒక్క మాటలో ఏమని తిడతారు?